రాత లేనోళ్ళ చరిత్రను మట్టి ఎట్ల చెప్తది? – ఉట్నూరు బూడిద దిబ్బ కథ

 

పోస్టు పెద్దగ ఉంటది. ఒక్కసారి కూర్చొని మొత్తం చదవండి. తప్పులుంటే మొహమాటం లేకుండ చెప్పండి, దిద్దుకుంట.

పోయిన సంవత్సరం క్లాసుల ఒక మాట విన్న. ఎవరన్నరో ఇక్కడ చెప్పను, అది ముఖ్యం గాదు. తెలంగాణ చరిత్ర పాఠం నడుస్తుంది. శాతవాహనులు, ఇక్ష్వాకులు, చాళుక్యులు, కాకతీయులు వరుసగా వచ్చిపోతున్నరు. నేను లేచి, "సార్, ఆ కాలాలల్ల మా ఎరుకలోళ్ళు, చెంచులు ఏం చేస్తుండిరి?" అని అడిగిన. "మీకు శాసనాలు లేవు, పుస్తకాలు లేవు. రాత లేనిదే చరిత్ర ఎక్కడిది బాబూ?" అన్నరు. క్లాసుల కొంతమంది నవ్విన్రు. నేను కూర్చున్న.

ఆ రాత్రి హాస్టల్ల నిద్ర పట్టలే. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. మా నాయిన ఇప్పటికీ వేలిముద్రనే వేస్తడు. మా నాయినమ్మకు (మేం అవ్వ అంటం) అక్షరం ముక్క రాదు. మరి వాళ్ళకు చరిత్ర లేనట్టేనా? అవ్వ పుట్టనట్టేనా, గంపలు అల్లనట్టేనా, మమ్ముల పెంచనట్టేనా?

అప్పటి నుంచి లైబ్రరీల పురావస్తు శాస్త్రం మీద దొరికిందల్లా చదువుతున్న. ఈ పోస్టు ఆ మాటకు నా జవాబు. కోపంతోని కాదు, ఆధారాలతోని.

మొదట మా ఇంటి ముచ్చట చెప్త, తర్వాత శాస్త్రం సులువుగ అర్థమైతది.

మాది రాజోలి. గద్వాల జిల్లా, తుంగభద్ర ఒడ్డు. చేనేత ఊరని అందరికీ తెలుసు. మేం వెదురు బద్దలు చీరి గంపలు, చాటలు అల్లేటోళ్ళం. 2009 అక్టోబరుల తుంగభద్రకు పెద్ద వరద వచ్చినప్పుడు ఊరు మునిగింది. నాకప్పుడు నాలుగేండ్లు. అవ్వ నన్ను చంకనేసుకొని గట్టెక్కిందని చెప్తరు, నాకు గుర్తు లేదు.

నిరుడు సెలవులకు ఇంటికి పోయినప్పుడు, మా పాత గుడిసె జాగల నాయిన గుంజ పాతనీకె లోతుగ గుంత తీసిండు. నేను గుంత గోడ చూసిన. పైన నల్ల మట్టి, అండ్ల ప్లాస్టిక్ కవర్లు, గుట్కా ప్యాకెట్లు. దాని కింద జానెడు మందం లేత రంగు మెత్తటి ఒండ్రు, అండ్ల ఏమీ లేదు. ఒండ్రు కింద గట్టి నేల, పేడతో అలికిన నేల. దాని మీద బొగ్గు ముక్కలు, పగిలిన కుండ పెంకులు, ఒక రూపాయి బిళ్ళ. కడిగి చూస్తే 2004 అని ఉంది.

ఎవరూ చెప్పకుండనే నాకు కథ తెలిసిపోయింది. కింద ఉన్నది వరదకు ముందు మా ఇల్లు. నడుమ ఉన్నది వరద. పైన ఉన్నది వరద తర్వాత జీవితం. నాకు గుర్తులేని రాత్రిని ఆ గుంత గోడ గుర్తు పెట్టుకుంది.

పురావస్తు శాస్త్రంల మొట్టమొదటి పాఠం ఇదే. ఎవరూ కదపకపోతే కింది పొర పాతది, పై పొర కొత్తది. ఒండ్రు కింద 2004 బిళ్ళ దొరికిందంటే ఆ ఒండ్రు 2004 కంటె ముందు వచ్చి ఉండదు. ఆ తర్వాత ఎప్పుడైనా వచ్చి ఉండొచ్చు. బిళ్ళ ఒక్కటే చెప్పగలిగింది అంతే. అది 2009ల వచ్చిందని చెప్పనీకె ఇంకో సాక్ష్యం కావాలె. "కదపకపోతే" అన్న మాట కూడ మరువొద్దు. ఎలుక బొక్క చేస్తే పైన ఉన్న గింజ కిందికి పోతది. ఎవరో గుంత తీసి పూడిస్తే పొరలన్నీ కలిసిపోతయి. అందుకే తవ్వేటోళ్ళు నేలను దారాలు కట్టి గళ్ళు గళ్ళుగ విడదీస్తరు. గడ్డపారతోని గాకుండ చిన్న తాపీతోని, బ్రష్షుతోని పొర వెంట పొర తీస్తరు. ప్రతి వస్తువు ఏ గడిలో, ఏ లోతుల, ఏ పొరల, దేని పక్కన దొరికిందో రాసి, కొలిచి, ఫొటో తీస్తరు. గడికీ గడికీ నడుమ కొంత మట్టి తవ్వకుండ గోడలాగ వదులుతరు, పొరలు కనబడాలని. తీసిన మట్టిని జల్లెడ పడతరు.

ఎందుకింత జాగ్రత్త? తవ్వకం అంటే ఒక పుస్తకాన్ని చదువుతూ చదివిన పేజీని చింపేయడం లాంటిది. రెండోసారి చదవలేం. రాసుకున్నదే మిగులుతది.

ఇప్పుడు అసలు కథ, ఉట్నూరు. ఐటీడీఏ ఉన్న ఆదిలాబాద్ ఉట్నూరు కాదు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లాల, కృష్ణా నది వైపు మక్తల్ ప్రాంతంల ఉన్న ఉట్నూరు. అక్కడ ఒక పెద్ద బూడిద దిబ్బ ఉంది. ఇసొంటి దిబ్బలు మన పాలమూరు కాడ నుంచి రాయచూరు, బళ్ళారి, అనంతపురం దాక చాన ఉన్నయి. కొన్ని చిన్న గుట్టలంత ఉంటయి. లోపల బూడిద పొరలు, నడుమ నడుమ కరిగి గట్టిపడ్డ గాజు లాంటి చిట్టెం.

ఇవి ఏందివి? ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పిన్రు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన బూడిద అంటరు. 19వ శతాబ్దంల దొరలు వచ్చి చూసి, కొందరు అగ్నిపర్వతం అన్నరు, కొందరు ఇనుము కరిగించిన చోటు అన్నరు, కొందరు మనుషులను కాల్చిన చోటు అని గూడ అన్నరు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మాత్రం ఇది పశువుల పేడ కాలిన బూడిద అన్నడు. చాన మంది నమ్మలే. పేడ ఇంత పెద్ద గుట్ట అయితదా అన్నరు. పేడ ఎత్తినోళ్ళను అడిగి ఉంటే అయితదనే చెప్తుండిరి!

ఈ తగువు వాదనతోని తెగలే. పరీక్షతోని తెగింది. ఫ్రెడరిక్ జూనర్ అనే శాస్త్రవేత్త బళ్ళారి జిల్లా దిబ్బల నుంచి తీసిన నమూనాలను లండన్‌ల ప్రయోగశాలల పరీక్షించి, ఇది పశువుల పేడ బూడిదే అని 1960ల ప్రకటించిండు. పరీక్ష వెనుక తర్కం మనకు కొత్తది గాదు. గడ్డిలో ఇసుక లాంటి సిలికా ఉంటది. వరి ఆకు చెయ్యి కోసేది దానివల్లనే. పశువు గడ్డి తింటే అది పేడలకు వస్తది. పేడ కాలిపోయినా సిలికా పోదు, సూక్ష్మదర్శినిల చూస్తే గడ్డి కణాల ఆకారాలు కనబడతయి. మంట బాగ వేడెక్కితే ఆ సిలికానే కరిగి చిట్టెం అయితది. గాజు కూడ తయారయ్యేది సిలికాతోనే గద.

ఉట్నూరు దిబ్బను 1957ల రేమండ్ ఆల్చిన్ తవ్వించిండు. 1963ల దాని మీద పెద్ద పుస్తకం రాసిండు. ఆయనకు అక్కడ రాజు కోట దొరకలే, బంగారం దొరకలే, ఒక్క అక్షరం దొరకలే. దొరికినవి ఏందో చూడండి.

మొదటిది, గుంజల గుంతలు. మన గుడిసె పీకేసినంక గుంజ పాతిన చోట ఏమైతది? కట్టె కుళ్ళిపోతది, ఆ గుంతల వేరే మట్టి నిండుతది. చుట్టూ ఉన్న మట్టి ఒక రంగు, ఆ గుంతల మట్టి ఇంకో రంగు, మెత్తగ ఉంటది. బ్రష్షుతో శుభ్రం చేస్తే నేల మీద గుండ్రటి మచ్చలు కనబడతయి. ఆ మచ్చలను కాగితం మీద గీస్తే వరుస తేలుతది. కట్టె ముక్క దొరకకున్నా కంచె దొరికింది! ఉట్నూరుల ఆ వరుసలు చూసి, ఇది గుంజలు పాతి కట్టిన పశువుల దొడ్డి అని తేల్చిన్రు. దొడ్డి కాలింది, మళ్ళ కట్టిన్రు, మళ్ళ కాలింది, మళ్ళ కట్టిన్రు. పొరల వల్ల అది తెలిసింది.

రెండోది, గిట్టల గుర్తులు. పశువులు తొక్కిన నేల మీద వాటి గిట్టల అచ్చులు అట్లనే మిగిలి ఉన్నయి. నేను ఇది చదివిన రోజు లైబ్రరీల కొంచెంసేపు పుస్తకం మూసి కూర్చున్న. శాసనం చెక్కించిన రాజుల ఊర్లే జాడ లేకుండ పోయినయి, ఒక ఎద్దు అడుగు నాలుగు వేల ఏండ్లు నిలబడింది.

మూడోది, నూరిన రాతి గొడ్డళ్ళు, రాతి బ్లేడ్లు, చేత్తో చేసిన కుండల పెంకులు, ఎముకలు. ఎముక కూడ మాట్లాడుతది. పళ్ళ అరుగుదల చూస్తే పశువు వయసు తెలుస్తది. ఎముక మీద కోత గుర్తులుంటే కోసి తిన్నరని తెలుస్తది. కర్ణాటకల బూదిహాళ్ అనే బూడిద దిబ్బ చోటును కె. పద్దయ్య గారు తవ్వినప్పుడు పశువులను కోసిన నేల మొత్తం బయటపడ్డది.

ఇప్పుడు నాలుగు వేల ఏండ్లు అని ఎట్ల చెప్పిన్రు అనే ప్రశ్న వస్తది. రావాలె గూడ.

బతికున్న ప్రతి చెట్టు, పశువు, మనిషి గాలి నుంచి, తిండి నుంచి కార్బన్ తీసుకుంటరు. అండ్ల కార్బన్-14 అని ఒక రకం చాన కొంచెం ఉంటది. అది నిలకడ లేనిది, నెమ్మదిగ తరిగిపోతది. బతికున్నన్ని రోజులు కొత్తది వస్తనే ఉంటది కాబట్టి లెక్క సరిపోతది. చచ్చిపోయినంక కొత్తది రాదు, ఉన్నది తరుగుడే. 5,730 ఏండ్లకు సగమైతది. ఇంకో 5,730 ఏండ్లకు మిగిలిన దాంట్ల సగం. కాబట్టి ఒక బొగ్గు ముక్కల ఎంత మిగిలిందో కొలిస్తే ఆ చెట్టు చచ్చి ఎన్నేండ్లయిందో లెక్క గట్టొచ్చు. ఈ పద్ధతిని విల్లార్డ్ లిబ్బీ అనే అమెరికా శాస్త్రవేత్త 1949ల నిలబెట్టిండు, 1960ల నోబెల్ బహుమతి వచ్చింది. ఉట్నూరు తవ్వకం దాని వెనువెంటనే జరిగింది. అక్కడి నమూనాను పరీక్షిస్తే క్రీస్తుపూర్వం 2000 కంటె ముందు కాలమని తేలింది.

ఈ పద్ధతికి హద్దులు ఉన్నయి, అవి కూడ తెలుసుకోవాలె. రాయి వయసు దీంతోని తెలవదు, ఒకప్పుడు బతికున్నదాని వయసే తెలుస్తది. సుమారు 50 వేల ఏండ్లు దాటితే కొలవనీకె ఏమీ మిగలదు. ఫలితం ఎప్పుడూ ఒక్క అంకె గాదు, "ఇంత, కొంచెం అటూ ఇటూ" అని వస్తది. గాలిల కార్బన్-14 అన్ని కాలాలల్ల ఒక్క తీరు లేదు కాబట్టి, చెట్టు మానుల వలయాలు లెక్కబెట్టి తయారు చేసిన పట్టికతోని సరిచూస్తరు. ఎవరన్న వచ్చి "ఈ రాయి కార్బన్ టెస్ట్ చేస్తే పది వేల ఏండ్లు వచ్చింది" అంటే, ఆ మాటల ఎక్కడ తప్పుందో ఇప్పుడు మీకే తెలుసు.

మరి ఇంకా పాతవాటికి ఎట్ల? దానికి ఇసుక రేణువు గడియారం ఉంది. ఓఎస్ఎల్ అంటరు. ఇసుక రేణువు మట్టిల పూడిపోయినంక చుట్టూ ఉన్న మట్టిల సహజంగ ఉండే రేడియేషన్ దాంట్ల కొంచెం కొంచెం నిలువ అయితది, ఫోను చార్జింగ్ ఎక్కినట్టు. ఎండ తగిలితే మొత్తం దిగిపోతది. అందుకే ఆ నమూనాను ఎండ తగలకుండ ఇనుప గొట్టం దిగ్గొట్టి తీసి, చీకటి గదిల పరీక్షిస్తరు. ఎంత చార్జింగ్ ఉందో చూస్తే చివరిసారి ఎండ చూసి ఎన్నేండ్లయిందో తెలుస్తది. మనకు దగ్గర్ల, ఇప్పటి నంద్యాల జిల్లాల జ్వాలాపురం దగ్గర ఇట్లనే చేసిన్రు. సుమారు 74 వేల ఏండ్ల కింద ఇండోనేషియాల టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద గాలిల వచ్చి అక్కడ పడ్డది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం తవ్వితే ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికినయి, పైనా దొరికినయి. 2007ల ఆ ఫలితం ప్రపంచమంతా చదివింది. మా ఇంటి గుంతల ఒండ్రు పొర లాంటిదే గద ఇది! కింద మనుషులు, నడుమ ఆపద, పైన మళ్ళ మనుషులు.

ఇంకొకటి చెప్పాలె, తిండి ముచ్చట. తవ్విన మట్టిని నీళ్ళల్ల వేసి కలిపితే, కాలిన గింజలు తేలికగ ఉండి పైకి తేలతయి. మన ఇండ్లల్ల బియ్యం గాలించినట్టే. తేలిన వాటిని సన్నటి గుడ్డ మీద పట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శినిల చూసి ఏ గింజో గుర్తుపడతరు. డోరియన్ ఫుల్లర్, కొరిశెట్టర్ వాళ్ళు బళ్ళారి దగ్గర సంగనకల్లు లాంటి చోట్ల ఇట్ల చేస్తే, ఆ కాలపోళ్ళ ముఖ్యమైన తిండి అండుకొర్రలు, ఉలవలు, పెసలు అని తేలింది. పేదోళ్ళ తిండి అని చిన్నచూపు చూసిన ఉలవలకు నాలుగు వేల ఏండ్ల చరిత్ర బయటపడ్డది. అది కూడ పొయ్యిల పొరపాటున మాడిపోయిన గింజల వల్ల! వంట చేసే ఆడామె చేతుల మాడిన గింజలే ఈ రోజు సాక్ష్యం.

ఇంతకూ ఉట్నూరోళ్ళు ఆ పేడను ఎందుకు కాల్చిన్రు? ఆల్చిన్ ఏమన్నడంటే, మందలు తోలుకొని పోయే కాలం మారినప్పుడల్లా పండుగ లాగ మంట పెట్టి ఉండొచ్చు, మన భోగి మంట, హోళీ మంట లాగ. పద్దయ్య గారు బూదిహాళ్ తవ్వినంక, ఇవి ఉట్టి దొడ్లు కావు, పక్కనే ఇండ్లు కట్టుకొని ఉన్న ఊర్లు అన్నరు. వాదన ఇంకా నడుస్తనే ఉంది. శాస్త్రంల నాకు నచ్చింది ఇదే. పెద్ద మనిషి చెప్పిండని ఊకోరు, ఏ పొర, ఏ ఆధారం అని అడుగుతరు.

ఇప్పుడు మన దగ్గరికి వస్త. కొందరికి కోపం రావొచ్చు, అయినా చెప్త.

పాతకాలం మనుషులు ఎట్ల బతికిన్రో తెలుసుకోవనీకె, ఇప్పటి మనుషుల పనులను గమనించే పద్ధతి ఒకటి ఉంది. వేటగాళ్ళు జంతువును ఎక్కడ కోస్తరు, ఎముకలు ఎక్కడ పడేస్తరు, గడ్డలు ఎట్ల తవ్వుతరు అని చూసి రాసుకొని, తవ్వకంల దొరికిన వాటితో పోలుస్తరు. ఎం.ఎల్.కె. మూర్తి గారు 1970లల్ల కర్నూలు గుహలు తవ్విన్రు. ముచ్చట్ల చింతమాను గవిల కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17 వేల ఏండ్లని వచ్చింది. ఆయన 1985ల ఆ ప్రాంతంల బతికే చెంచులు, ఎరుకలోళ్ళు, బోయల జీవనం గమనించి ఒక వ్యాసం గూడ రాసిన్రు. మన పెద్దోళ్ళకు అడవి గురించి ఉన్న తెలివి లేకుంటే ఆ ఎముకలు అర్థం కాకపోతుండె. అది గర్వపడాల్సిన ముచ్చట.

కాని ఆ పోలికను తప్పుగ వాడేటోళ్ళు ఉన్నరు. "చెంచులు ఇంకా రాతియుగంల ఉన్నరు" అనేటోళ్ళను మీరందరూ చూసి ఉంటరు. అది శాస్త్రం గాదు. చెంచు అన్నకు కూడ మన లెక్కనే ఆ 17 వేల ఏండ్లు గడిచినయి. ఇనుప బాణం ములికి, సంతల ఉప్పు, గుడి జాతర, అడవి చట్టాలు, ఇప్పుడు సెల్‌ఫోను, అన్నీ వాళ్ళ చరిత్రల ఉన్నయి. పని పోలిక వేరు, మనిషి పోలిక వేరు. 2003ల ఒక అంతర్జాతీయ బృందం చెంచుల, కోయల డీఎన్‌ఏను కులాలోళ్ళ డీఎన్‌ఏతో పోల్చింది. గిరిజనులు, కులాలోళ్ళు చాన వరకు ఒకే పాత మూలం పంచుకున్నరని చెప్పింది. మనల్ని వేరే కాలపు మనుషులన్నట్టు చూపెట్టేటోళ్ళకు అదొక జవాబు.

అట్లనే మనం చేసే తప్పు కూడ ఒప్పుకుందాం. "ఉట్నూరు దిబ్బ కట్టింది మా వాళ్ళే, మా జాతికి ఐదు వేల ఏండ్ల చరిత్ర" అని పోస్టులు పెట్టకండి. ఉట్నూరోళ్ళు ఏ భాష మాట్లాడిన్రో, తమను తాము ఏమని పిలుచుకున్నరో ఆ మట్టి చెప్పదు. చెప్పనిదాన్ని చెప్పిందంటే మనల్ని చూసి నవ్వినోళ్ళకూ మనకూ తేడా ఉండదు. వాళ్ళు మన తాతలే కావాల్సిన అవసరం లేదు. రాత లేని మనుషులకు చరిత్ర ఉంటదని, దాన్ని చదివే పద్ధతి ఉందని వాళ్ళు రుజువు చేసిన్రు. అది చాలు.

రాత గురించి ఇంకో మాట. ఎరుకలోళ్ళ గురించి పాత రాతలల్ల ఏముంటది? ఎక్కువగ పోలీసు రికార్డు. నేరస్థ తెగల చట్టం 1871ల వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి గూడ పాకింది. పుట్టుకతోనే దొంగలని రాసుకొని, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లల్ల మన వాళ్ళను పెట్టిన్రు. 1952ల గాని ఆ ముద్ర కాగితం మీద పోలేదు. అంటే, రాత మనకు లేకపోవుడు ఒక్కటే సమస్య గాదు, రాత ఎవరి చేతుల ఉందనేది సమస్య. కలం పట్టినోడు తనకు కావాల్సింది రాస్తడు. మట్టి అట్ల ఎంచుకోదు. రాజు పారేసిన పెంకునూ, మందోడు పారేసిన పెంకునూ ఒక్కతీరుగనే దాస్తది.

అయితే మట్టి గూడ అన్నీ దాయదు, ఇది నిజాయితీగ చెప్పాలె. అవ్వ అల్లిన గంప పదేండ్లల్ల చివికి మట్టిలో కలుస్తది. వెదురు, ఈత, తోలు, గుడ్డ నిలవవు. రాయి, పెంకు, ఎముక, బొగ్గు నిలుస్తయి. మరి గంపలోళ్ళ చరిత్ర ఎట్ల? దానికీ దారి ఉంది. పచ్చి కుండను చాప మీద పెడితే అడుగున చాప అచ్చు పడతది. కుండ కాలినంక ఆ అచ్చు వేల ఏండ్లు ఉంటది. అల్లిక ఏ రకమో ఆ అచ్చును చూసి చెప్తరు. కాని ఆ అల్లిక గుర్తుపట్టనీకె అల్లడం తెలిసినోళ్ళు కావాలె! నేను సెలవులల్ల ఇసొంటి అచ్చు ఫొటో ఒకటి ఫోన్ల మా అవ్వకు చూపించిన. కండ్లద్దాలు సర్దుకొని చూసి, "రెండు పైకి, రెండు కిందికి అల్లినరు. చెయ్యి తిరిగినామెనే" అన్నది. ఫొటో కింద ఇంగ్లీషుల అరపేజీ రాసి ఉంది, అవ్వ ఒక్క మాటల చెప్పింది. ఇసొంటి తెలివి మన ముసలోళ్ళతోనే పోతుంది.

మాకు దగ్గరున్న ఆలంపూర్ పోయినోళ్ళు కూడవెల్లి సంగమేశ్వర గుడి చూసి ఉంటరు. అది ముందు అక్కడ లేదు. కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర ఉండె. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళల్ల మునుగుతదని, రాయి రాయికి నంబరు వేసి, విప్పి, తెచ్చి, మళ్ళ అదే వరుసల పేర్చిన్రు. గొప్ప పని, కాదనను. కాని మునిగిన ఊర్ల గుడిసెలకు, దొడ్లకు, పాత పొయ్యిలకు నంబరు ఎవరూ వేయలే. ఏది దాచాలో ఎంచుకునే చోట మన పిల్లలు లేరు. మనం ఈ సదువు చదవాలని నేను అనేది అందుకే. తవ్వకాలల్ల కూలికి పార పట్టింది ఎక్కువగ మనసొంటోళ్ళే. ఇగ నోటుపుస్తకం గూడ పడదాం. ఉస్మానియాల ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖ ఉంది. పూణేల డెక్కన్ కాలేజీ ఉంది. డిగ్రీ ఏదైనా సరే, ముందు వివరాలు కనుక్కోండి.

అప్పటిదాక మన తండాలల్ల, గూడేలల్ల, పెంటలల్ల చేయాల్సినవి నాలుగు:

1. పొలంల, గుట్ట మీద నున్నటి రాతి గొడ్డలి (కొన్ని ఊర్లల్ల పిడుగురాయి అంటరు), పాత పెంకులు, రాళ్ళు గుండ్రంగ పేర్చిన సమాధులు కనబడితే ముట్టుకోకండి. చోటు నుంచి కదిపితే సగం కథ పోతది. పక్కన పెన్నో, స్కేలో పెట్టి ఫొటో తీయండి, ఫోన్ల లొకేషన్ పెట్టుకోండి, తేదీ రాయండి.

2. గుప్త నిధుల పేరు చెప్పి వచ్చేటోళ్ళతో పోకండి. ఆ సమాధులల్ల ఉండేది ఎముకలు, కుండలు, ఇనుప సామాను. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే. కేసయితే ఇరుక్కునేది మనమే, తోలుకపోయినోడు గాదు.

3. బూడిద దిబ్బల మట్టిని ఎరువుకని, ఇటుకలకని ట్రాక్టర్లకు ఎత్తుతుంటే ఊర్ల పెద్దమనుషులకు చెప్పండి, పురావస్తు శాఖకు రాయండి. చాన దిబ్బలు అట్లనే పోయినయి.

4. మీ అవ్వ, తాత చేసే పనిని ఫోన్ల వీడియో తీయండి. గంప అల్లుడు, ఉచ్చు పెట్టుడు, గడ్డ తవ్వుడు, పొయ్యి కట్టుడు. ప్రతి పనిముట్టు పేరు మన భాషల చెప్పించండి. రేపు ఒక తవ్వకంల ఏదో దొరికి ఎవరికీ అర్థం కాకపోతే, జవాబు ఆ వీడియోల ఉండొచ్చు.

క్లాసుల ఆ మాట అన్నోళ్ళ మీద ఇప్పుడు నాకు కోపం లేదు. వాళ్ళకు గూడ ఎవరూ చెప్పి ఉండరు. మళ్ళ ఆ ప్రశ్న వస్తే మాత్రం కూర్చోను. "సార్, ఉట్నూరుల ఒక్క అక్షరం దొరకలే. కాని వాళ్ళు గుంజ ఎక్కడ పాతిన్రో తెలుసు, దొడ్డి ఎన్నిసార్లు కట్టిన్రో తెలుసు, వాళ్ళ ఎద్దు ఎక్కడ అడుగేసిందో తెలుసు. చరిత్ర లేకపోవుడు వేరు, మనం చదవకపోవుడు వేరు" అంట.

సంక్రాంతి సెలవులల్ల ఉట్నూరు దిబ్బ చూసి, అట్లనే నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు గూడ చూసి రావాలని ఉంది. 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాల ఎక్కినయి అవి. బస్సు చార్జీ ఎవరిది వాళ్ళది, సద్ది నేను తెస్త. వచ్చేటోళ్ళు పేరు, ఊరు పెట్టండి. ఒక నోటుపుస్తకం, ఒక స్కేలు తెచ్చుకోండి. గడ్డపార వద్దు.

జోహార్.